వినడానికి పెద్ద జాబితా, మాట్లాడడానికి చిన్న జాబితా: బెంగళూరు నుంచి ఒక బిజినెస్ ఇంగ్లిష్ కేస్ స్టడీ

ఈ కేసులోని మనిషిది హిందూపురం. పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఆ ఊళ్లోనే బీకాం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి బొమ్మసంద్రలో ఒక మధ్యతరహా కంపెనీలో అకౌంట్స్‌లో చేరారు. పంపులకు, వాల్వులకు కావలసిన విడిభాగాలను కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్ల మీద చేసి ఎగుమతి చేసే కంపెనీ అది. బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు కాగితాలు ఆవిడ పని. ఎగుమతులు చూసే మేనేజర్ మానేశాక, కొత్త మనిషి దొరికేదాకా చూసుకోమని ఓనరు ఆ సీటు ఈవిడకు అప్పగించారు. కొత్త మనిషి రానేలేదు. అమెరికా, ఇంగ్లండ్ కస్టమర్లతో మెయిళ్లు, వీడియో కాల్స్ అన్నీ ఆవిడ మీదే పడ్డాయి.

నా దగ్గరికి వచ్చింది ఆ దశలోనే. నేను ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు బిజినెస్ ఇంగ్లిష్ నేర్పుతాను. ఆదివారం బీటీఎం లేఔట్‌లో క్లాసు, వారం మధ్యలో రాత్రిపూట ఆన్‌లైన్‌లో. వచ్చే తెలుగువాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కువ. ఫ్యాక్టరీ ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు తక్కువే గానీ, వాళ్ల అవసరం నిక్కచ్చిగా ఉంటుంది. "ఇంగ్లిష్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని రారు, "సోమవారం కాల్ ఉంది సార్" అని వస్తారు. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేర్లు ఉండవు, లెక్కల్లో అంకెలు మార్చాను.

వచ్చిన మొదటి రోజే బ్యాగులోంచి ఒక లావుపాటి పుస్తకం తీశారు. వెయ్యికి పైగా ఇడియమ్స్ (జాతీయాలు), అంశాలవారీగా, పక్కనే అర్థాలు. సగం పుస్తకానికి పెన్సిల్ గీతలున్నాయి. ఎక్కడ తెరిచి అడిగినా టకటకా అర్థం చెప్పేశారు. మా క్లాసులో ఎంఎన్‌సీలో పనిచేసేవాళ్లు కూడా అలా చెప్పలేరు. తర్వాత కాల్స్‌లో నడిచే మాటల్లాంటి చిన్న చిన్న ఆడియో ముక్కలు వినిపించాను. అందులో ఆవిడకు అర్థాలు తెలిసిన ఇడియమ్సే ఉన్నాయి. ఒకటీ అరా తప్ప పట్టుకోలేకపోయారు.

"పుస్తకంలో చూస్తే అన్నీ వచ్చినట్టే ఉంటాది సార్. ఫోన్లో అయితే ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తెలీదు. నేను ఆలోచించేలోపల వాళ్లు ఇంకో మాటలోకి పోయుంటారు."

సమస్య మొత్తం ఈ మాటలోనే ఉంది. కానీ దాని వల్ల ఆఫీసులో ఏం జరిగిందో చూడకపోతే ఇది చెవి సమస్యే అనుకునే ప్రమాదం ఉంది.

జరిగిన సంగతులు

మొదటిది ఒక మెయిల్. కొత్త భాగం ఒకదానికి ధర ఎంత పడొచ్చని అమెరికా కొనుగోలుదారు అడిగాడు. "జస్ట్ నీడ్ ఎ బాల్‌పార్క్ బై టుమారో" అని ఒక్క వాక్యం. పుస్తకంలో "బాల్‌పార్క్ ఫిగర్" ఉంది, అంటే సుమారు అంకె. ఆ అర్థం ఆవిడకు కంఠతా వచ్చు. మెయిల్‌లో "ఫిగర్" లేదు కాబట్టి ఇది అదేనని తట్టలేదు. ముడిసరుకు ధర, ప్లేటింగ్ చేసేవాళ్ల కొటేషన్, ప్యాకింగ్, రవాణా అన్నీ తెప్పించి, పైసలతో సహా లెక్కకట్టి వారం చివరికి పంపారు. అప్పటికి అతను వేరే సప్లయర్ ఇచ్చిన సుమారు అంకెతో తన బడ్జెట్ వేసుకున్నాడు. ఆర్డరు చేజారడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేను. అడిగినది మర్నాటికి ఒక అంకె, వెళ్లినది మూడు పేజీల కొటేషన్ అన్నది మాత్రం వాస్తవం.

ఇడియమ్‌ను సగంలో ఆపేయడం ఏ భాషలోనైనా మామూలే. "ఆడలేక మద్దెల..." అని వదిలేస్తే మనకు మిగతాది అక్కర్లేదు. తెలుగు కొత్తగా నేర్చుకునేవాడు మాత్రం మద్దెల ఎక్కడుందో వెతుకుతాడు. పుస్తకాలు ఇడియమ్‌ను నిండుగా ఇస్తాయి, మనుషులు తుంచి వాడతారు.

రెండోది వీడియో కాల్. ఉక్కు ధర పెరిగింది కాబట్టి మన ధర సవరించాలన్నది ఆ రోజు ఎజెండాలో ఒక అంశం. అది రాగానే అమెరికా వైపు పర్చేజ్ హెడ్ "లెట్స్ టేబుల్ ద ప్రైస్ రివిజన్" అన్నాడు. ఆవిడ చదివిన పుస్తకం బ్రిటిష్ పద్ధతిది. అందులో "టేబుల్" అంటే చర్చకు పెట్టడం. ఆవిడ సంతోషంగా ఎక్సెల్ షీట్ తెరిచి వివరించడం మొదలుపెట్టారు. అతను అదే మాట ఇంకోసారి, కొంచెం గట్టిగా అన్నాడు. ఆవిడ ఇంకొంచెం వివరంగా చెప్పారు. పక్కనున్న ఓనరు "సాకు, సాకు" (చాలు, చాలు) అని కన్నడంలో సైగ చేస్తే ఆపారు. అమెరికాలో ఆ మాటకు అర్థం పూర్తిగా తలకిందులు: ఇప్పటికి పక్కన పెట్టేద్దాం అని.

ఈ ఒక్క మాటతో ఇబ్బంది పడింది హిందూపురం మనిషి ఒక్కరే కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఒక పత్రాన్ని "టేబుల్" చేయాలా వద్దా అని చాలాసేపు వాదించుకుని, చివరికి ఇద్దరూ కోరేది ఒకటేనని తెలుసుకున్నారని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. ఈ సంగతి చెప్పాక ఆవిడ ముఖంలో టెన్షన్ సగం తగ్గింది. క్లాసులో ఇలాంటివి చెప్పడానికి అదీ ఒక కారణం.

మూడోది నోటి మాట కాదు, ఆవిడే రాసిన వాక్యం. ఇంగ్లండ్ కస్టమర్ పెద్ద ఆర్డరు ఇచ్చాడు. కృతజ్ఞత చెబుతూ, పుస్తకంలో "విజయం" అన్న పేజీలోంచి ఒక ఇడియమ్ ఏరి రాశారు: మీ ఆర్డరుతో మేం "మేడ్ ఎ కిల్లింగ్" అని. తక్కువ శ్రమతో భారీగా లాభం కొట్టేశాం అని దానర్థం. ఎవరి జేబులోంచి ఆ లాభం వచ్చిందో అతనికే రాశారన్నమాట. జవాబు పక్కా ఇంగ్లిష్ ధోరణిలో వచ్చింది: సంతోషం, అయితే ధర గురించి ఒకసారి మాట్లాడుకుందామా అని. అతను నవ్వుతూనే రాసి ఉంటాడు. కానీ తర్వాతి ఆర్డరు దగ్గర ధర మాట నిజంగానే ఎత్తాడు.

"టచ్ బేస్" సంగతి చిన్నది. వచ్చే వారం ఒకసారి మాట్లాడుకుందాం అనే అర్థంలో కస్టమర్ ఆ మాట అంటే, డ్రాయింగ్‌లో బేస్ ఫేస్ (భాగం అడుగు తలం) గురించి అనుకుని ఆవిడ క్వాలిటీ వాళ్లతో దాని చదును కొలిపించారు. కొలత సరిగ్గానే ఉంది.

ఎక్కడ తేడా కొడుతోంది

ఈ నాలుగింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే పుస్తకం రెండు రకాల నష్టం చేసిందని తెలుస్తుంది. వినాల్సిన చోట వినిపించలేదు, వాడకూడని చోట వాడించింది. భాషాబోధనలో చూసి, విని అర్థం చేసుకునే పదాలను, సొంతంగా వాడగల పదాలను వేరువేరుగా లెక్కిస్తారు. ఎవరికైనా మొదటిది పెద్దది, రెండోది చిన్నది. మాతృభాషలోనూ అంతే. ఇడియమ్స్ విషయంలో ఈ తేడా ఇంకా పెద్దదిగా ఉండాలని నా అభిప్రాయం. మన ఇడియమ్స్ పుస్తకాలు మాత్రం "ఈరోజే నేర్చుకోండి, రేపే వాడండి" అంటాయి.

చెవి సంగతి. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలుకుతుంది, మధ్యలో ప్రతి అక్షరానికీ దాని విలువ దానికి ఉంటుంది. ఇంగ్లిష్‌లో నొక్కి పలికిన అక్షరం ఒక్కటే నిలబడుతుంది, చుట్టూ ఉన్నవి నలిగిపోతాయి. "గెట్ బ్యాక్ టు యూ" ఫోన్లో "గెబ్బ్యాక్టయ" లాగా వస్తుంది. నాలుగు మాటలుగా నేర్చుకున్నది ఒక్క మాటగా చెవిన పడితే ఎవరు మాత్రం పోల్చుకుంటారు?

పుస్తకం అమరికలో ఇంకో చిక్కు ఉంది. "విజయం" అనే పేజీలో పాతిక ఇడియమ్స్, "నష్టం" అనే పేజీలో ఇంకో పాతిక. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అర్థంలో దగ్గరగా ఉన్న కొత్త పదాలను ఒకేసారి నేర్చుకుంటే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, నేర్చుకోవడం కష్టమవుతుందని థామస్ టింకమ్ 1993లో ప్రయోగం చేసి చూపించాడు. 1997లో రాబ్ వారింగ్ జపనీస్ విద్యార్థులతో చేసినప్పుడూ అదే తేలింది. ఆవిడకు జరిగింది అదే. "మేక్ ఎ కిల్లింగ్", "కమ్ అప్ ట్రంప్స్", "హిట్ ద జాక్‌పాట్" అన్నీ ఆవిడ బుర్రలో "గెలవడం" అనే ఒకే డబ్బాలో పడి ఉన్నాయి. ఏది ఎవరి ముందు అనొచ్చు అన్నది ఆ డబ్బా మీద రాసి లేదు.

ఏం చేశాం

పుస్తకాన్ని పక్కన పెట్టించడం తేలిక కాలేదు. అంత కష్టపడి గీతలు గీసుకున్నారు మరి. "పారేయొద్దు అమ్మా, డిక్షనరీలాగా ఉంచుకోండి. చదవడం ఆపండి" అన్నాను.

దాని బదులు ఆవిడ సొంత ఇన్‌బాక్స్ తెరిచాం. ఓనరు ఒప్పుకున్న మేరకు అర్ధసంవత్సరం మెయిళ్లు, రికార్డు చేసిన కొన్ని కాల్స్. ఇడియమ్ అనిపించినవి, మాటల అర్థాన్ని మించి ఏదో చెబుతున్నాయనిపించినవి అన్నీ రాసుకోమన్నాను. వెయ్యి ఇడియమ్స్ పుస్తకం మోసుకొచ్చిన మనిషికి నిజంగా తగిలినవి ఒక కాగితానికి రెండు వైపులా సరిపోయాయి. వాటిలో చాలా వాటికి ఆ పుస్తకంలో చోటు లేదు కూడా. "రన్ ఇట్ బై అజ్" (ముందు మాకు చూపించండి), "సైన్ ఆఫ్" (ఆమోదం), "లూప్ ఇన్" (ఫలానావాళ్లనూ కలపండి), "హెడ్స్ అప్" (ముందస్తు కబురు), "ఆన్ అవర్ ఎండ్" (మా వైపు), "బాటిల్‌నెక్", "ఇన్ ద పైప్‌లైన్". పుస్తకాల్లో మెరిసే "బ్రింగ్ హోమ్ ద బేకన్" లాంటివి ఒక్కసారి కూడా రాలేదు. కొనుగోలు విభాగంలో పనిచేసేవాళ్లకు అలంకారాల మీద మోజు ఉండదు.

"పుష్ బ్యాక్" ఒక్కటే రెండు అర్థాలతో వచ్చింది. మీటింగును "పుష్ బ్యాక్" చేశాం అంటే వాయిదా వేశాం అని, ధర మీద "పుష్ బ్యాక్" వచ్చింది అంటే ఒప్పుకోవడం లేదు అని. ఇలాంటివి ఎవరి ఇన్‌బాక్స్ వాళ్లు చూసుకుంటేనే బయటపడతాయి.

ఆ కాగితం మీది ప్రతి మాటకూ ఒక కార్డు. ముందు వైపు మాట కాదు, అది వచ్చిన పూర్తి వాక్యం. వెనక వైపు అర్థం కాదు, ఆ మాట విన్నాక మనం చేయాల్సిన పని. "జస్ట్ నీడ్ ఎ బాల్‌పార్క్" కార్డు వెనక: ఈరోజే ఒక సుమారు అంకె పంపు, ఖరారు ధర తర్వాత అని రాయి. "లెట్స్ టేబుల్" కార్డు వెనక: ఎవరన్నారు? అమెరికా అయితే నోరు మూసుకో, ఇంగ్లండ్ అయితే షీట్ తెరువు. ఈ చివరి వాక్యం ఆవిడ రాసుకున్నదే.

కార్డుల్ని తిప్పే పద్ధతి కొత్తదేం కాదు. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన డబ్బా పద్ధతి: సరిగ్గా చెప్పిన కార్డు వెనక అరకు వెళుతుంది, తప్పినది మొదటి అరకు వస్తుంది, వెనక అరలను ఎక్కువ రోజులకు ఒకసారి చూస్తాం. నేర్చుకున్నది మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా మరిచిపోతామని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చెప్పాడు. మళ్లీ మళ్లీ చదవడం కంటే చూడకుండా గుర్తు తెచ్చుకోవడమే కొన్నాళ్ల తర్వాత కూడా నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికె చూపించారు. ఫోన్లో దీనికి యాప్స్ ఉన్నాయి. ఆవిడ విజిటింగ్ కార్డుల డబ్బానే ఇష్టపడ్డారు. ఆదివారం క్లాసుకు బొమ్మసంద్ర నుంచి బీటీఎం లేఔట్ దాకా ఎల్లో లైన్ మెట్రోలో వచ్చేటప్పుడు కార్డులు తీసేవారు, తిరిగి వెళ్లేటప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కాల్ రికార్డింగుల్లోంచి కత్తిరించిన ముక్కలు వినేవారు. ఒక ముక్క పది సెకన్లకు మించదు. విని, ఆపి, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయడం. "గెబ్బ్యాక్టయ" అనే రాయాలి. స్పెల్లింగు తర్వాత. ఈ అభ్యాసం చూసేవాళ్లకు చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ, చెవి తెరుచుకోవడానికి ఇంతకంటే వేగమైన దారి నాకు కనిపించలేదు.

పుట్టుక తెలిస్తే

ఇడియమ్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఎక్కువ గుర్తుంటుందని ఫ్రాంక్ బూర్స్, ఆయన సహచరులు చేసిన అధ్యయనాలు చెబుతాయి. మన దగ్గర దీనికి ఒక సౌకర్యం, ఒక ఇబ్బంది ఉన్నాయి. ఇంగ్లండ్ కస్టమర్ "వియ్ ఆర్ ఆన్ ద బ్యాక్ ఫుట్" (ఇరుకున పడ్డాం) అన్నా, "స్టిక్కీ వికెట్" (చిక్కు పరిస్థితి) అన్నా ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఐపీఎల్ వచ్చినన్ని రోజులు టీవీ రిమోట్ ఆవిడ చేతికి రాదట. అమెరికా వాళ్ల మాటలు బేస్‌బాల్ నుంచి వస్తాయి: "బాల్‌పార్క్", "టచ్ బేస్", "స్టెప్ అప్ టు ద ప్లేట్" (ముందుకొచ్చి బాధ్యత తీసుకోవడం), "అవుట్ ఆఫ్ లెఫ్ట్ ఫీల్డ్" (ఎవరూ ఊహించనిది). ఆ ఆట మనకు తెలీదు. ఒక ఆదివారం క్లాసులో బోర్డు మీద బేస్‌బాల్ మైదానం గీసి, నాలుగు బేసులు, బ్యాటు పట్టినవాడు నిలబడే ప్లేటు, ఎడమ వైపు దూరంగా ఉండే ఫీల్డు చూపించాను. అంతే, ఆ నాలుగు మాటలకూ మళ్లీ కార్డు అవసరం రాలేదు.

"బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్" (మళ్లీ మొదటి నుంచి) డ్రాయింగుల మధ్య బతికే ఆవిడకు సులువుగా పట్టుబడింది. 1941లో ఒక అమెరికన్ పత్రికలో పీటర్ ఆర్నో వేసిన కార్టూన్‌తో అది వాడుకలోకి వచ్చింది. విమానం కూలిపోయి మంటల్లో ఉంటుంది, అందరూ అటు పరిగెడుతుంటారు, దాన్ని డిజైన్ చేసినాయన మాత్రం చుట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని తాపీగా ఇటు నడిచొస్తుంటాడు. "మా డిజైన్ ఇంజినీర్ ఇట్లాగే ఉంటాడు సార్" అన్నారు ఆవిడ.

అయితే పుట్టుకల పేరుతో చలామణి అయ్యే కథలన్నీ నమ్మొద్దు. "రూల్ ఆఫ్ థంబ్" (అనుభవం మీద వేసే ఉజ్జాయింపు లెక్క) అనేది, బొటనవేలు కంటే లావు లేని కర్రతో భార్యను కొట్టొచ్చనే పాత ఇంగ్లిష్ చట్టం నుంచి వచ్చిందని ట్రైనర్లు కూడా చెప్పేస్తుంటారు. అలాంటి చట్టం ఉన్నట్టు ఆధారం లేదు. గుర్తుండడానికి కథ పనికొస్తుంది కదా అని అబద్ధం నేర్పితే, క్లయింటు ముందు చెప్పినప్పుడు పరువు పోయేది నేర్చుకున్నవాళ్లది.

లెక్కల మాటలు

బిజినెస్ విజయానికి సంబంధించిన పదాల్లో నిజంగా డబ్బుతో ముడిపడినవి ఇవే. నేను ఎక్కువ సమయం పెట్టిందీ వీటి మీదే. ఆవిడ అకౌంట్స్ మనిషి కాబట్టి "బాటమ్ లైన్" అంటే లాభనష్టాల పట్టికలో చివరి గీత కింద మిగిలే నికర లాభమని, "టాప్ లైన్" అంటే పైన రాసే అమ్మకాల మొత్తమని అరనిమిషంలో అయిపోయింది. నష్టాన్ని ఎర్ర సిరాతో, మిగులును నల్ల సిరాతో రాసే అలవాటు నుంచి "ఇన్ ద రెడ్", "ఇన్ ద బ్లాక్" వచ్చాయనీ చెప్పాను. "టర్నోవర్" దగ్గర కొంచెం ఆగాం. మనకూ బ్రిటిష్‌వాళ్లకూ అది అమ్మకాల మొత్తం. అమెరికన్ నోట ఆ మాట వస్తే ఉద్యోగులు మానేసి వెళ్లే రేటు కావచ్చు. మీ టర్నోవర్ చాలా ఎక్కువ అని అమెరికన్ అంటే థాంక్యూ చెప్పకూడదు.

అసలు పని "మార్జిన్", "మార్కప్" దగ్గర పడింది. వాళ్ల ఆఫీసులో రెండింటినీ ఒకే అర్థంలో వాడుతున్నారు. వంద రూపాయలు ఖర్చయ్యే భాగానికి 25 శాతం వేసి 125కి అమ్ముతారు. ఆ 25 శాతం మార్కప్, అంటే ఖర్చు మీద లెక్క. అదే లాభాన్ని అమ్మకపు ధర మీద చూస్తే 125లో 25, అంటే 20 శాతం. అది మార్జిన్. కస్టమర్ 20 శాతం తగ్గించమని అడిగాడు అనుకోండి. "మనకు 25 ఉంది, 20 ఇచ్చినా 5 మిగులుతుంది" అని అక్కడ నోటి లెక్క నడిచేది. 125లో 20 శాతం తీస్తే వందే మిగిలింది. ఒక్క రూపాయి లాభం లేదు. ఆవిడ క్లాసులోనే క్యాలిక్యులేటర్ తీసి చూసుకుని, కాసేపు ఏం మాట్లాడలేదు. సోమవారం ఆ లెక్క కాగితం మీద వేసి ఓనరుకు చూపించారట. ఇది ఇంగ్లిష్ క్లాసు పరిధిలోకి వస్తుందా అని నన్ను అడిగేవాళ్లుంటారు. పదం వెనక లెక్క తెలియకుండా పదం నేర్పడం నాకు చేతకాదు.

"బ్రేక్ ఈవెన్" కూడా అలాగే. కొత్త భాగానికి ఫిక్స్చర్ (భాగాన్ని మెషీన్ మీద బిగించి పట్టే సాధనం) తయారు చేయడానికి 60,000 రూపాయలు పడితే, ఒక్కో పీసు మీద 40 రూపాయలు మిగిలితే, 1,500 పీసులు వెళ్లేదాకా పెట్టిన డబ్బు తిరిగి రాదు. కస్టమర్ 500 పీసుల ఆర్డరు ఇచ్చి ఫిక్స్చర్ ఖర్చు మీరే పెట్టుకోండి అంటే ఏం చెప్పాలో ఈ లెక్కే చెబుతుంది. ఈ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో అనడం ఆవిడకు పెద్ద కష్టం కాలేదు. చెప్పాల్సిన విషయం తేటగా ఉంటే సగం గ్రామర్ దానంతట అదే సర్దుకుంటుంది.

మాట్లాడే జాబితా

వినే జాబితా పెరుగుతూ పోయింది. మాట్లాడే జాబితాను నేను కావాలనే కుదించాను. అందులో ఇడియమ్స్ దాదాపు లేవు, వాక్యాలే ఉన్నాయి. "లెట్ మీ చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ బై థర్స్‌డే." "వియ్ కెన్ డూ దట్, బట్ ద లీడ్ టైమ్ విల్ బి సిక్స్ వీక్స్." "జస్ట్ టు కన్ఫర్మ్, డూ యూ మీన్ వియ్ డిస్కస్ ఇట్ నౌ ఆర్ లేటర్?" చివరిది ఒక్కటి వచ్చి ఉంటే "టేబుల్" గొడవ పది సెకన్లలో తేలిపోయేది. అర్థం కాలేదని చెప్పుకోవడం నామోషీ అనుకునేవాళ్లు మనలో ఎక్కువ. దాన్ని అర్థం కాలేదన్నట్టు కాకుండా, ఖరారు చేసుకుంటున్నట్టు అడిగితే ఎదుటివాళ్లు దాన్ని శ్రద్ధగానే తీసుకుంటారు.

వినే జాబితాలోంచి ఒక మాట ఇటు రావాలంటే ఒక షరతు పెట్టాం. ఆ మాటను వేర్వేరు మనుషుల నోట విని ఉండాలి, ప్రతిసారీ ఎవరు ఎవరితో అన్నారో కార్డు మీద రాసి ఉండాలి. అమ్మేవాడు కొనేవాడితో అన్న మాటే మనకు పనికొస్తుంది, ఎందుకంటే మనం అమ్మేవాళ్లం. "మేక్ ఎ కిల్లింగ్" ఈ షరతు ఎప్పటికీ దాటదు.

ఇక మన ఇండియన్ ఇంగ్లిష్ మాటలైన "రివర్ట్", "ప్రీపోన్", "డూ ద నీడ్‌ఫుల్" సంగతి. వీటిని చూస్తే కొందరు ట్రైనర్లకు ఒళ్లు మంట. పుణె కస్టమర్‌కు, చెన్నై ఫ్రైట్ ఏజెంటుకు రాసేటప్పుడు ఇవి చక్కగా పనిచేస్తాయి, మార్చాల్సిన అవసరం లేదు. ఇంగ్లండ్‌కు రాసేటప్పుడు మాత్రం "రివర్ట్" అంటే జవాబివ్వడం అని కాకుండా పాత స్థితికి వెళ్లడం అనుకునే అవకాశం ఉంది. డ్రాయింగ్ రివిజన్ గురించి "ప్లీజ్ రివర్ట్" అని రాస్తే పాత డ్రాయింగ్‌కే వెళ్లిపోమన్నట్టు అవుతుంది. కాబట్టి ఆ మెయిళ్లలో "రిప్లై" చాలు.

అప్రైజల్

మధ్యలో ఏప్రిల్ వచ్చింది, దాంతో అప్రైజల్ (ఏడాది పనితీరు మదింపు) ఫారమూ. వ్యక్తిగత విజయం గురించిన ఇంగ్లిష్ అవసరమయ్యేది అక్కడే. ఆవిడ రాసుకొచ్చిన డ్రాఫ్ట్‌లో "ఐ యామ్ ఎ గో-గెట్టర్", "ఐ థింక్ అవుట్ ఆఫ్ ద బాక్స్", "ఐ వర్క్ హార్డ్‌లీ" అన్నీ ఉన్నాయి. మూడోది నేరుగా బెడిసికొట్టేది: దాదాపు పని చేయను అని దానర్థం. రెండోదానికి అసలు రూపం "అవుట్‌సైడ్ ద బాక్స్". "అవుట్ ఆఫ్ ద బాక్స్" అంటే ఎక్కువగా పెట్టె విప్పగానే పనిచేసేది, సాఫ్ట్‌వేర్ గురించి అనే మాట. మొదటిది తప్పు కాదు, కానీ చెప్పేదేమీ లేదు.

ఇక్కడ భాష కంటే సంకోచం పెద్ద అడ్డం. "నేను చేశాను అని నేనే రాసుకుంటే బాగుంటుందా సార్? అందరం కలిసే కదా చేసింది" అన్నారు. మనలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంది, పెంపకంలో వచ్చింది. అందుకే గొప్ప చెప్పుకున్నట్టుండే విశేషణాలన్నీ తీసేయించి, ప్రతి వాక్యాన్నీ ఒక క్రియతో మొదలుపెట్టించాను: "రికవర్డ్", "రెడ్యూస్డ్", "హ్యాండిల్డ్", "నెగోషియేటెడ్", "కరెక్టెడ్". ఆ క్రియ తర్వాత ఏం చేశారో, ఎంత మేరకు చేశారో ఉండాలి. రెండు పాత బాకీలు వసూలు చేసిన సంగతి, మార్జిన్ లెక్క సరిచేసిన సంగతి, కస్టమర్ ఫిర్యాదులకు జవాబిచ్చే సమయం తగ్గిన సంగతి అలా రాశారు. చదివితే గొప్ప చెప్పుకున్నట్టు లేదు, పనిపట్టీలా ఉంది. ఆవిడకూ అభ్యంతరం లేకపోయింది. "మేనేజర్, ఎక్స్‌పోర్ట్స్" అన్న హోదా ఆ తర్వాత కాగితం మీదికి వచ్చింది. జీతం పెరిగింది గానీ, ఆవిడ అడిగినంత కాదు. అడగడం మీద ఇంకో విడత పనిచేయాల్సి ఉంది.

ఇప్పుడు ఎక్కడున్నారు

ఇద్దరు మనుషులతో ఉండే కాల్స్‌ను ఒంటరిగా నడుపుతున్నారు. ఎదుటివైపు నలుగురు ఉండి ఒకరి మాట మీద ఒకరు మాట్లాడితే ఇంకా పట్టుకోలేరు. అలాంటి కాల్ అయిపోగానే, అర్థమైన అంశాలు నాలుగు వరుసల్లో రాసి, ఇదేనా అని మెయిల్ పెడతారు. ఇంగ్లండ్ ఆయన "క్వైట్ గుడ్" అంటే మెచ్చుకున్నాడా, పర్వాలేదన్నాడా అన్నది ఇప్పటికీ ఆవిడకు అనుమానమే. నిజానికి అది ఆయన గొంతును బట్టి ఉంటుంది. దానికి కార్డు లేదు.

ఈమధ్య ఒక జర్మన్ కస్టమర్ వచ్చాడు. ఇంత కష్టపడి నేర్చుకున్న వినే జాబితా అక్కడ అంతగా పనికిరావడం లేదు, ఎందుకంటే అతనికీ ఇంగ్లిష్ నేర్చుకున్న భాషే. అతని మాటల్లో క్రికెట్టూ లేదు, బేస్‌బాలూ లేదు. వేరే రకం జాగ్రత్తలు కావాలి. జర్మన్లలో కొందరు "ఇవెంచువల్లీ" అంటే చివరికి అని కాదు, బహుశా అని అర్థం. ఆ భాషలో అలాంటి మాటే ఇంకో అర్థంలో ఉంది. "సెండ్ అంటిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం లోపు పంపమని. "హాఫ్ సెవెన్" అన్న మాట ఇంగ్లండ్ వాడి నోట ఏడున్నర, జర్మన్ నోట ఆరున్నర కావచ్చు. డ్రాయింగులో 12,5 అంటే పన్నెండున్నర మిల్లీమీటర్లు, కొటేషన్లో 1.500 అంటే పదిహేను వందలు. దశాంశ బిందువు, కామా వాళ్ల దగ్గర చోట్లు మార్చుకుంటాయి.

కాబట్టి ఆ డబ్బాలో ఇప్పుడు కొత్తగా ఒక అర చేరింది. అందులో ఒక్క ఇడియమ్ కూడా లేదు. కాల్ టైము ఖరారు చేసేటప్పుడు 24 గంటల పద్ధతిలో, భారత కాలమానంతో కలిపి రాయాలి: వేసవిలో జర్మనీకీ మనకూ మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. డెలివరీ తేదీలో నెలను అక్షరాల్లో రాయాలి, ఎందుకంటే 05/06 అని రాస్తే ఇంగ్లండ్‌కు అది జూన్ 5, అమెరికాకు మే 6. ఈ రెండో కార్డు మూడు దేశాల కస్టమర్లకూ పనికొస్తోంది. డిస్పాచ్ సెక్షన్ గోడ మీద కూడా దాని నకలు ఒకటి అంటించారు, కన్నడంలో.